లైట్‌హౌసు మెట్ల మీద ఎదురు

ముందుగా ఒక మాట. నా రాతలో ఒత్తులు తప్పినా, దీర్ఘాలు పోయినా చదివేవాళ్లు సరిచేసుకోండి. అరవై దాటాక మా మహిళా సంఘం క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను. ఒక పేజీ రాయడానికి గంట పడుతుంది. ఈరోజు ఆ ఆలస్యమే మంచిదనిపిస్తోంది. మా అబ్బాయి పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాడు. పదిన్నర దాటింది, ఇంకా ఫోన్ రాలేదు. వంటింట్లోకి వెళ్తున్నాను, వస్తున్నాను, ఏ పనీ చేతికి రావడం లేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మా అబ్బాయి పేరు పెదబాబు. చోడవరం పక్కన మాకు రెండెకరాల చెరకు ఉంది. వాడికి ఒక్కతే కూతురు, ఝాన్సీ. అచ్యుతాపురం వైపు ఒక కంపెనీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. అక్కడికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున, లైట్‌హౌసులో పనిచేసే దిలీప్‌ని చేసుకుంటానని ఇంట్లో చెప్పింది. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. పెదబాబు కేకలు వేశాడు, రెండు రోజులు అన్నం మానేశాడు, చివరికి ఒక మాట అన్నాడు.

“నాను సూడ్ను. మీ నానమ్మ ఎల్లి సూసి, బాగున్నాడని సెప్తే అప్పుడు ఎల్తాను.”

వాడి తెలివి నాకు తెలుసు. నేను వెళ్లనని వాడి ధీమా. ఇరవై రెండేళ్ల కిందట మా ఆయన పోయినప్పటి నుంచి ఏ శుభకార్యంలోనూ నేను ముందుకు రాలేదు. ఎవరైనా మంచి పని మీద బయల్దేరుతుంటే గొడ్ల పాకలోకి వెళ్లిపోతాను. నన్ను ఒకరు పొమ్మనక్కర్లేదు. ఒక్కసారి తప్పింది. మా మరిది కొడుకు రాము ఉద్యోగం పరీక్షకి వెళ్తుంటే బిందెతో ఎదురుపడ్డాను. వాడు వెనక్కి వెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాడు. బస్సు వెళ్లిపోయింది. పరీక్ష పోయింది. మా తోడికోడలు మంగాయమ్మ ఆరోజు నన్ను చూసిన చూపు ఇప్పటికీ వదల్లేదు.

“నాను ఎల్లకూడదే,” అన్నాను ఝాన్సీతో. “నా మొకం ఎదురైతే నీకే సెడ్డ.”

“అయితే ఆడి ఈపు సూడు,” అంది ఆ గుంట. “ఈపు కూడా బాగానే ఉంటాది.”

అలా ఒప్పుకున్నాను. అతను నన్ను చూడకూడదు, నేను అతన్ని చూసి వచ్చెయ్యాలి.

పోయిన నెలలో ఒక ఆదివారం రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి వెళ్లాం. ఆ కొండ పేరు రాయొద్దని ఝాన్సీ చెప్పింది, అతని ఉద్యోగం అక్కడే కాబట్టి. అది సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి కొండ. మూడు వైపులా నీళ్లు. ఎర్రరాళ్లు పగిలిపోయి, కాలు పెట్టిన చోటల్లా చెప్పు జారుతోంది. గాలికి పమిట నిలవదు. కొండ కొసన తెల్లటి స్తంభం. తెల్లదొరల కాలంలో కట్టారట. తలుపు మీద రాతిలో సంవత్సరం చెక్కి ఉంది, చివరి రెండు అంకెలు ఉప్పుగాలికి అరిగిపోయాయి.

“అదిగో, టికెట్లు ఇస్తన్నాడు,” అంది ఝాన్సీ.

నేను చటుక్కున ఒక బండ వెనక్కి పోయాను. చొక్కా కనిపించింది, మెడ కనిపించింది. ఇటు తిరగబోతుంటే కూర్చుండిపోయాను. అక్కడ ఫొటోలు తీసుకుంటున్న ఒకావిడ నా దగ్గరికి వచ్చి, “బాత్రూము అటేపుందండి, ఇక్కడ కాదు,” అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

కాసేపటికి ఝాన్సీ వచ్చింది. “అద్దాలు తుడవడానికి పైకెల్లేడు. ఇప్పుడు రా. పైన సుట్టూ వరండా ఉంటాది. ఆడో పక్క, నువ్వో పక్క.”

లోపల మెట్లు గోడ చుట్టూ తిరుగుతూ పైకి పోతున్నాయి. ఒక్క మనిషికి సరిపోయే వెడల్పు. పడితే పట్టుకుంటానని ఝాన్సీ నా వెనక నడిచింది. నలభై మెట్ల వరకు లెక్కపెట్టాను, ఆ తర్వాత ఊపిరి అందలేదు. అప్పుడు పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. గోడకి బకెట్ తగులుతున్న మోత.

“ఒసే, దిగే! కిందకి దిగే!”

“ఎనక జనం ఉన్నారు నానమ్మా. ఎలా దిగుతాను?”

పమిట మొహం మీదకి లాక్కుని గోడ వైపు తిరిగాను. అడుగులు నా దగ్గరికి వచ్చి ఆగాయి.

“మామ్మా, కళ్లు తిరిగేయా?”

“నేదు బాబూ. నువ్వు పైకెల్లిపో. నానెదురొచ్చేసేను.”

“మళ్లీ దిగాలి కదా, అప్పుడూ ఎదురే. సముద్రంలోకి దూకితే తప్ప కిందకి ఇంకో దారి నేదు మామ్మా.”

ఝాన్సీ కిసుక్కున నవ్వింది.

“నవ్వకే! నీ బతుకు కోసమే కదే నా బాధ,” అన్నాను. ఏడుపు వచ్చేసింది.

నేనెవరో అతనికి అర్థమైనట్టుంది. “సరే మామ్మా, ఎల్తాను,” అని వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో బకెట్ మెట్టుకి తగిలి ఒలికింది. సబ్బునీళ్లలో కాలు జారి ముందుకు పడ్డాడు. నుదురు రాతి అంచుకి తగిలింది.

పమిట సంగతి మర్చిపోయి రెండు మెట్లు ఎక్కాను. కనుబొమ్మ పైన చిట్లి రక్తం కారుతోంది. చెంగుతో నొక్కి పట్టుకున్నాను. మొదటిసారి అతని మొహం అప్పుడే చూశాను.

“సూసేవా? సెప్పేనా? నా ఎదురంటే ఇదే!”

“నువ్వు ఎదురొచ్చినప్పుడు ఏటీ అవనేదు మామ్మా. ఎనక్కెల్లమన్నావు, అప్పుడు పడ్డాను.”

చెంగు మడత మార్చి మళ్లీ నొక్కాను. కింద నుంచి ఎవరో, “ఏటండీ, కదల్రా?” అని అరిచారు.

ముగ్గురం పైకే వెళ్లాం. గాజు గదిలో దీపం చూపించాడు. వెనకటి రోజుల్లో నూనె దీపమట, రాత్రంతా మనిషి కాపలా ఉండేవాడట. ఇప్పుడు చీకటి పడితే దానంతటదే వెలుగుతుందట.

“మరి నీకు పనేటి బాబూ?”

“ఎలిగిందో నేదో సూడ్డమే మామ్మా.”

నాకూ నవ్వొచ్చింది. వరండాలోకి వచ్చి చూస్తే ఎటు చూసినా నీళ్లే. ఒక్క క్షణం కుదురుగా ఉండవు. చూస్తూ నిలబడలేకపోయాను, దిగిపోదామన్నాను.

ఇంటికి వచ్చి పెదబాబుతో, “సూసేను, బాగున్నాడు. నుదుటి మీద దెబ్బుంది, అది నావల్లే,” అన్నాను. వాడు పది రోజులు మాట్లాడలేదు. నేను సరిగా నిద్రపోలేదు. నిన్న సాయంత్రం, రేపు వెళ్తానన్నాడు.

పొద్దున్న వాడూ కోడలూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. పెదబాబు అడుగు వెయ్యడు. నేను వాకిట్లో వాళ్లకి ఎదురుగా ఉన్నాను.

“అమ్మా, పాకలో గేదె అరుస్తంది, సూడు,” అన్నాడు.

“అరవనేదు. మేతేసేసేను.”

“ఎదురొస్తన్నావేటే?”

“వస్తన్నాను. ఎనక్కెల్లి కూకోకు, బస్సెల్లిపోద్ది.”

వాడు నా వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. చెప్పులు వేసుకుని, నా భుజం రాసుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక్కడి దాకా రాసేసరికి మూడున్నర. ఇప్పుడే ఝాన్సీ ఫోన్ చేసింది.

“నానమ్మా, దిలీప్ వాళ్లింట్లో భోజనం చేసేం. ఇప్పుడు నాన్న లైట్‌హౌసు ఎక్కుతన్నాడు. సగంలో మోకాళ్లట్టుకుని నిలబడ్డాడు.”

“ఏటన్నాడే?”

“ఏటీ అన్నేదు ఇంకా. ఇన్ని మెట్లు మా అమ్మ ఎలా ఎక్కిందని దిలీప్‌ని అడుగుతన్నాడు.”

ఫోన్ పెట్టేసింది. ఏదీ తేలలేదు. లేచి వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చాను.

దేముడమ్మ, వయసు అరవై ఆరు, ఉంటున్నది చోడవరం.