తోడేలు ఉన్నంతసేపు

కళ్లద్దాలాయనకు ఇంట్లో పలకరించే దిక్కు లేదు. తన కళ్లద్దాల దుకాణంలో మనుషులకు కొదవ లేకపోయినా, చూపు పరీక్షకు ఎదురుగా కూర్చున్న ప్రతివాళ్లూ ఆయన వెనకున్న అక్షరాల బోర్డునే చూసేవారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. చూడమన్నది ఆయనే.

ఆయనకు ప్రాణం లేచొచ్చేది ఆదివారం మధ్యాహ్నం. బేకరీ పైన గదిలో నలుగురు బల్ల చుట్టూ చేరి కథల ఆట ఆడేవారు. కథ నడిపేది లెక్కల టీచరు. గుహలు, రాక్షసులు, కూలబోయే వంతెనలు అన్నీ ఆయన నోట్లోంచే పుట్టేవి. మిగతా ముగ్గురిదీ తలా ఒక వేషం. బస్సు డ్రైవరు దొంగ. ల్యాబ్‌లో రక్తం తీసే ఆవిడ కత్తి పట్టిన యోధురాలు. మన కళ్లద్దాలాయన మాంత్రికుడు. ఎవరేం చేస్తారో నోటితో చెప్పాలి, అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. బల్ల మధ్యలో చిన్న ఇసుక గడియారం ఉండేది. వంతు వచ్చినవాళ్లు ఇసుక అయిపోయేలోగా నోరు విప్పకపోతే వంతు పోయినట్టే. ఆ ఒక్క విషయంలో టీచరు దేవుడొచ్చి అడిగినా తగ్గడు.

మాంత్రికుడికి బోలెడు మంత్రాలున్నా ఆయన మనసు పడింది ఒక్కదాని మీదే. తోడేలును రప్పించే మంత్రం. పిలిస్తే వచ్చేది అడవిలో తిరిగే అసలు తోడేలు కాదు, ఆకారం లేని ఏదో ఆత్మ ఆ రూపం తొడుక్కుని వస్తుంది. పిలిచినవాడు మనసంతా దాని మీదే నిలిపి ఉంచినంతసేపే ఉంటుంది. గట్టి దెబ్బ తగిలి మనసు చెదిరినా, మనసు నిలపవలసిన మరో మంత్రం ఎత్తుకున్నా మాయమైపోతుంది. రెంటినీ ఒకేసారి పట్టుకోవడం కుదరదు. ఫలానా పని చెయ్యమని చెబితే చేస్తుంది, చెప్పకపోతే తన ప్రాణం తాను కాచుకుంటూ నిలబడుతుంది.

ఈయనగారు దానికి బుజ్జిగాడని పేరు పెట్టుకున్నాడు.

"మన బుజ్జిగాడే కదండీ?" అని రప్పించిన ప్రతిసారీ అడిగేవాడు.

"కాదండీ. వచ్చినప్పుడల్లా కొత్తదే. మీరెవరో కూడా దానికి తెలీదు," అనేవాడు టీచరు, మొహమాటం లేకుండా.

"నాకు తెలుసుగా. చాలు."

"బావగారూ, దానికి సంబంధాలు కూడా చూసేస్తారా ఏంటి?" అని డ్రైవరు ఏడిపించేవాడు. అందరూ నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. కానీ తన పక్కన ఒకటి నిలబడి, తన మాట కోసం చెవులు రిక్కించి ఉందనుకోవడంలో ఆయనకు గొప్ప సుఖం ఉండేది. అంత సుఖం ఆయనకు ఇంకెక్కడా దొరకలేదు. కాబట్టి గుహలోకి అడుగు పెట్టగానే తోడేలును పిలిచేవాడు, ఇక వదిలేవాడు కాదు.

ఒక ఆదివారం యోధురాలి కాళ్ల కింద వంతెన విరిగింది. కింద పాతాళం. ల్యాబ్ ఆవిడ ఒక చెక్కను పట్టుకుని వేలాడుతున్నానంది.

"అన్నయ్యగారూ, నన్ను గాల్లో నిలిపే మంత్రం మీ దగ్గరుంది కదా. వెయ్యండి," అంది.

ఉంది. కానీ అది కూడా మనసు నిలపవలసిన మంత్రమే. వేస్తే బుజ్జిగాడు పోతాడు. టీచరు గడియారం తిరగేశాడు. కళ్లద్దాలాయన దారులు వెతికాడు. తోడేలు ఆమె చొక్కా పట్టుకుని లాగితే? అందదు. తాడు విసిరితే? తాడు దొంగ దగ్గరుంది, దొంగ అవతలి ఒడ్డునున్నాడు. మరొక్క దారి దొరక్కపోతుందా అనుకుంటూ ఉండగానే ఇసుక అయిపోయింది.

"వంతు పోయింది," అన్నాడు టీచరు, తనకే ఇబ్బందిగా. పాచికలు దొర్లాయి. చెక్క విరిగింది.

ల్యాబ్ ఆవిడ తన పాచికలు సంచిలో వేసుకుని, "ఆటే కదా," అని నవ్వి వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పైవారమూ లేదు. ముగ్గురితో ఆట రక్తి కట్టడం లేదని డ్రైవరు గొణిగాడు, టీచరు కాదనలేదు. కళ్లద్దాలాయనకు గుండెల్లో రాయి పడింది. ఆ బల్ల కూడా పోతే ఆయనకు మిగిలేది అక్షరాల బోర్డే. ఆమెను ఎలాగైనా తీసుకురావాలని మధ్యాహ్నం దుకాణం మూసి ల్యాబ్‌కు బయల్దేరాడు.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ తలుపు తీయగానే ఎగిరిపోయాయి. ఆమె ఆయన్ని చూసి కాస్త ఆగి, "కూర్చోండి," అంది. కూర్చున్నాడు. "చెయ్యి చాపండి." చాపాడు. రబ్బరు పట్టీ బిగించింది, పిడికిలి మూయమంది. సూది దిగి గొట్టంలోకి రక్తం వస్తున్నా ఆ మహానుభావుడు నోరు విప్పలేదు.

"ఏ టెస్టు రాశారు డాక్టరు?"

"ఏం రాయలేదమ్మా."

"మరెందుకొచ్చారు?"

"నిన్ను పిలుద్దామని. ఆదివారం రావడం మానేశావు కదా."

ఆమె సూది తీసి దూది అదిమింది. నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"పడిపోయినందుకు కాదన్నయ్యగారూ నాకు బాధ. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నా ముందు కూర్చునేవాళ్లంతా సూది చూడలేక గోడకేసి మొహం తిప్పుకుంటారు. నన్నెవరూ చూడరు. అక్కడన్నా పడిపోతుంటే పట్టుకునేవాళ్లున్నారు అనుకున్నా. ఆ ఇసుక జారినంతసేపూ మిమ్మల్నే చూస్తూ కూర్చున్నా. మీరు ఒక్కసారి కూడా తలెత్తలేదు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. తన ఒంటరితనం లోకంలో తనకొక్కడికే రాసిపెట్టినట్టు ఇన్నాళ్లూ దాన్ని సాకుతూ వచ్చాడు. బల్లకు అవతల కూర్చున్న మనిషికి కూడా అదే బాధ ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు.

"నాకెవరూ లేరమ్మా. అది ఉన్నంతసేపూ నాకో తోడున్నట్టుండేది. నువ్వు ఎదురుగానే ఉన్నావన్న ధ్యాసే లేదు నాకు," అన్నాడు. "తప్పు చేశాను."

ఆమె గొట్టం మీద అంటించబోయిన కాగితాన్ని పక్కన పెట్టింది.

"ఆదివారాలు డ్యూటీ వేయించుకున్నానండీ. ఇంట్లో ఊరికే కూర్చోలేక. ఇప్పుడు మార్చరు."

"అయితే నేనే ఇక్కడికొస్తాను."

"ఇక్కడికొచ్చి ఏం చేస్తారు?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆమె తొందరపెట్టలేదు.

"తెలీదమ్మా," అన్నాడు చివరికి, ఆమె మొహంలోకి చూసి.

"సరే, రండి," అంది.