కాలేషా షెడ్డు లొకేషన్

దయామణికి మీటింగులంటే ఒళ్ళుమంట. ప్రొబేషన్ ఆఫీసరుగా ఆమె పని, జైలు నుంచి వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ గుమ్మం ఎక్కకుండా చూడటం. ఇదివరకు తన తిప్పలేవో తనే పడేది. ఇప్పుడు పోలీసులు, ఉపాధివాళ్ళు, బ్యాంకువాళ్ళు అంతా కలిసి చెయ్యాలన్నారు పైవాళ్ళు. కలవడమంటే నరసరావుపేటలో నెలనెలా కూర్చుని టీ తాగడం, ‘కొత్త బతుకు’ అనే వాట్సాప్ గ్రూపులో ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకోవడం. బ్యాంకాయన ఖాతాకు ఆధార్ తెమ్మంటాడు. ఆధార్‌వాళ్ళు అడ్రసు తెమ్మంటారు. జైలు తప్ప ఇంకో అడ్రసు లేనివాడు ఏం తేవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంత సంతలోనూ ఒక్కడు నిలదొక్కుకున్నాడు. పేరు యల్లమంద. పొలాల్లో బోరు మోటార్లు విప్పి, లోపలి రాగి తీగ అమ్ముకుని జైలుకు పోయినవాడు. విప్పడం వచ్చినవాడికి చుట్టడం ఎంతసేపని, వినుకొండ రోడ్డులో మోటారు వైండింగ్ షెడ్డు నడిపే కాలేషాను పట్టుకుంది దయామణి. రాగి దొంగను తెచ్చి రాగి మధ్యలో కూర్చోబెట్టుకోమంటే ఎవరొప్పుకుంటారు? కాలేషా మొదట నవ్వాడు, తర్వాత కసిరాడు, చివరికి ఆమె పోరు పడలేక సరేనన్నాడు.

“ఒకటే మాట మేడమ్. నా కాడికొచ్చేది రైతులు. మోటారు నా చేతిలో పెట్టి ఇంటికిపోయి నిద్రపోతారు. ఈడెవడో వాళ్ళకి తెలవగూడదు. పోలీసోళ్ళు ఒక్కసారి నా గడప తొక్కారా, ఆ రోజే పంపేస్తా. తర్వాత నన్నేమీ అనమాకండి.”

“తొక్కరు. నాది పూచీ” అంది దయామణి.

యల్లమంద తల వంచుకుని పనిచేశాడు. అతను చుట్టిన మోటారు మళ్ళీ కాలిపోయి వెనక్కి రాలేదు. కొన్నాళ్ళకు కాలేషా షెడ్డు అతని మీద వదిలి నమాజుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ సంగతి విన్నరోజు దయామణికి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇది నేను చేశానని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది ఇదొక్కటే.

చెప్పుకోకుండా ఉంటే బాగుండేది. మీటింగులో పెద్దాఫీసరు, “మీ వాళ్ళలో ఒక్కడైనా బాగుపడ్డాడా అమ్మా?” అని వెటకారమాడేసరికి ఆమెకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రమే షెడ్డుకెళ్ళి, మోటారు ముందేసుకుని కూర్చున్న యల్లమందను ఫొటో తీసి, లొకేషన్‌తో సహా గ్రూపులో పెట్టింది. పొంగిపోయినప్పుడు బుద్ధి పనిచేస్తేగా! చప్పట్ల బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అందరికంటే ముందు కొట్టినవాడు ఎస్సై శ్రీకాంత్.

ఇంతలో శివరాత్రి దగ్గరపడింది. కోటప్పకొండ తిరునాళ్ళంటే మాటలా? దొంగతనాలు జరక్కుండా పాత కేసులున్నవాళ్ళను ముందే తెచ్చి స్టేషన్లో కూర్చోబెట్టడం అక్కడి పోలీసుల ఆనవాయితీ. ఏటా సగంమంది దొరకరు. వాళ్ళ కోసం ఊళ్ళు పట్టుకు తిరిగి కానిస్టేబుళ్ళ చెప్పులు అరిగేవి. ఈసారి ఒకడి కోసం మాత్రం ఆ శ్రమ లేకపోయింది.

“జీపొచ్చింది మేడమ్” అన్నాడు కాలేషా ఫోన్లో. “తిరునాళ్ళ ప్రభలకి కట్టే లైట్ల జనరేటర్లు బాగుచేయించుకోను వచ్చిన జనం షెడ్డు నిండా ఉన్నారు. అందరి ముందూ ‘ఏరా, రాగి దొంగా’ అని పిలిచి ఎక్కించుకుపోయారు. ఇద్దరు అప్పుడే వాళ్ళ మోటార్లు వాళ్ళు వెనక్కి తీసుకుపోయారు. ఏంది మేడమ్ ఇది?”

దయామణి పరుగున స్టేషన్‌కు వెళ్ళింది. యల్లమంద గోడవారగా నేల మీద కూర్చుని ఉన్నాడు. శ్రీకాంత్ ఎంతో మర్యాదగా లేచి కుర్చీ వేయించాడు.

“రండి మేడమ్. ఈసారి ఇతన్ని ఎతికే పని లేకపోయింది. మీ గ్రూపు పుణ్యమా అని చానా తేలికైంది.”

“బాగుపడ్డాడనే కదండీ మీరు చప్పట్లు కొట్టింది!”

“కొట్టా. మంచోడే. తిరునాళ్ళ అవగానే వదిలేస్తాం. మంచోడికి రెండ్రోజులు కూర్చోను కష్టమేంది మేడమ్?”

ఆమెకు నెత్తి గోడకేసి బాదుకోవాలనిపించింది. ఈ మనిషి చెడ్డవాడైతే తిట్టిపోసేది. కాదే! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు వేసింది తనే.

యల్లమంద దగ్గరికెళ్ళి, “తప్పు నాదేనయ్యా. నేను పెట్టిన ఫొటో చూసే వచ్చారు” అంది.

“తెలుసు మేడమ్. సెల్లులో చూపిచ్చారు. నా గురించి ఇంకెవురికీ ఏమీ చెప్పమాకండి. మంచైనా సరే.”

తిరునాళ్ళ అయ్యాక వదిలేశారు. కాలేషా అన్నమాట ప్రకారం అతన్ని పంపేశాడు. యల్లమంద ఊళ్ళో కనపడలేదు. మళ్ళీ ఏ పొలంలో మోటారు మాయమైందన్న కబురొస్తుందోనని, ఫోను మోగినప్పుడల్లా దయామణి భయపడుతూనే ఎత్తేది.

ఒకరోజు కాలేషా దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

“యల్లమందని సత్తెనపల్లిలో మా బావమరిది సుభానీ షెడ్లో పెట్టా. ఆడు పనోడు మేడమ్, ఎట్టా వదులుకుంటాం? మీకు చెప్పొద్దనే అన్నా నేను. ఆడే చెప్పమన్నాడు. మీరొక్కరే దిగులు పడతా ఉంటారంట.”

దయామణి ఫోను పెట్టేసి, ఆఫీసులో అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

తర్వాతి మీటింగులో అందరికీ యల్లమందే కావలసి వచ్చాడు. ఇన్నాళ్ళూ కదలని ఉపాధివాళ్ళు అతనికి పనిముట్ల పెట్టె మంజూరైందన్నారు. బ్యాంకాయన లోను ఇస్తానన్నాడు. శ్రీకాంత్ అయితే, “ఎక్కడున్నాడో చెప్పండి మేడమ్, అందరం కలిసెళ్ళి ఇచ్చొద్దాం. అక్కడి స్టేషన్‌కీ ఓ మాట చెప్తా” అన్నాడు. నిజంగా ప్రేమతోనే అన్నాడు.

“తెలీదండీ” అంది దయామణి.

“మీ మనిషి ఎక్కడున్నాడో మీకు తెలీదా?” పెద్దాఫీసరు మొహం చిట్లించాడు. “అయితే మళ్ళీ పాతదారే పట్టుంటాడు. ఆ ఒక్కడూ పోయాడన్నమాట. మీరు ఫెయిలయ్యారని రాసుకోమంటారా?”

అందరూ ఆమెకేసి జాలిగా చూశారు. ఆమెకు ఒళ్ళంతా మండింది.

“రాసుకోండి” అంది.