కొసరు గోలు

జ్యేష్ఠమాసపు కడపటి దినములలో చండకిరణుని యెండ సముద్రజలమును కరగిన సీసమువలె తళతళలాడించుచుండగా నైరృతిపవనము మేఘములను దిగంతముననే నిలిపి నేడో రేపో యని జనులను ఊరించుచుండగా ఎండుచేపల వాసనతో నిండిన శంఖద్వీపపు రేవువీథిలో గాలి యనునది మాటకైనను లేకుండెను. కుక్కలు బోర్లించిన పడవల క్రింద నాలుకలు వ్రేలవైచి పడియుండెను. పిలిచినను పలుకని యా మధ్యాహ్నమున ద్వీపమంతయు ఒక్క దీర్ఘమైన ఆవులింతవలె కనబడుచుండెను.

ఆ వీథిలో త్రాళ్లును వలలును అమ్ము గవరయ్య అరువదియేండ్లవాడు. పూర్వము కళింగతీరమునుండి ఓడలెక్కి వచ్చి ఆ దీవిలో స్థిరపడిన తెలుగువారి సంతతిలో బేరసారములయందు అతనిని మించినవాడు లేడు. నలువదివేల జనము గల యా చిన్నదేశమునకు లోకము ఫుట్‌బాల్ అని పిలుచు పాదకందుకక్రీడకై యొక సంఘము కలదు. దాని అధ్యక్షపదవి ఎవరును వలదనుటచే ఇతని మెడకు తగిలినది. బ్రతుకును లెక్కగానే గాని కథగా ఎన్నడును చూడని గవరయ్యకు తన జట్టు లెక్క కంఠస్థము. పదునేడేండ్లలో పరదేశములతో ఆడిన ఆటలు నలువదియొకటి. తినిన గోలులు మూడువందలయారు. వేసినది లేదు. తమవారి గోలు చూచు భాగ్యము లేని ప్రజలు కార్నరు కిక్కు దొరకిన దినముననే బాణసంచా కాల్చుకొని తృప్తినొందుచుండిరి.

అతడు అలసియుండెను. ఓటమి వర్తకునకు కొత్త గాదు. ఓడినవారిని ఇండ్లకు చేర్చి వారి యాండ్ర మొగములు చూడవలసివచ్చుటయే అతనిని అలయించినది. గోలు కాచు లోవరాజు దర్జీ. క్రిందటి యేడు వ్రేళ్లు విరిగి రెండు మాసములు సూది పట్టలేకపోయెను. జట్టునాయకుడగు నూకరాజు గవరయ్య తోడబుట్టినదాని కొడుకు. ముప్పదిమూడేండ్లవాడు, రేవులో పడవ నడుపువాడు. మోకాలు వాచిన దినములలో నిలువలేక కూర్చుండియే చుక్కాని పట్టుచుండెను.

ఇట్టి తరుణమున బలీయములగు దేశముల మహాసభనుండి ఒక పత్రము వచ్చినది. మిక్కిలి దుర్బలములగు జట్లు తమంతట తామే ప్రపంచపు పోటీనుండి తొలగి ఇరుగుపొరుగు దీవులతో మాత్రమే ఆడుకొందుమని వ్రాసియిచ్చినచో వారి మైదానములకు పచ్చికయు ప్రేక్షకులకు పైకప్పును అమర్చి యిత్తుమనియు ఇందువలన బలవంతులకు కాలవ్యయమును బలహీనులకు పరాభవమును ఒక్కమారే తప్పుననియు అందు మృదువుగా వ్రాయబడియుండెను. తొలగినవారికి మరల ప్రవేశము లేదు. చేవ్రాలు చేసిన పత్రమును ఆ వారముననే ఆడవచ్చు వజ్రరాష్ట్రపు జట్టును నడపు హెల్మరు చేతికి ఈయవలయును.

గవరయ్య వ్రాలు చేయ నిశ్చయించెను. అయినను వట్టిచేతులతో అంగడి మూయుటకు అతని మనసొప్పలేదు. శంఖద్వీపపు సంతలో ఒక యాచారము కలదు. తూకము ముగిసిన పిమ్మట అమ్మువాడు పిడికెడు కొసరు వేయనిదే కొనువాడు సంచి మూతి కట్టడు. అడుగుట అచట సిగ్గు గాదు, వేయకుండుటయే సిగ్గు. ఈ యాచారమును నమ్మి అతడు హెల్మరు దిగిన విడిదికి పోయి ఇరువురకును వచ్చిన ఓడరేవు ఆంగ్లములో బేరము పెట్టెను.

"అయ్యా, మీకు గోలులకు కొదువ లేదు. మాకొక్కటి కొసరుగా విడువుడు. మా దేశమునకును ఒకటి యున్నదని చెప్పుకొని తొలగెదము. ఆట ముగియగనే పత్రము మీ చేతనుండును."

హెల్మరు దయగలవాడు. నవ్వి సరే యనెను. ఈ సంగతి గవరయ్య ఎవరికిని చెప్పలేదు. మేనల్లునకు మొదలే చెప్పలేదు.

ఆటనాడు దీవిలో సగము జనము మైదానముననే యుండెను. ఎనుబది నిమిషములు గడచునప్పటికి వజ్రరాష్ట్రపు వీరులు ఎనిమిది గోలులు వేసిరి. గట్టుమీద కూర్చున్న చేపలమ్ము పోలమ్మ "ఓ గవరయ్యా, అది నీ యంగడి వలయే గదా! చేపలు తప్పించుకొని పోవును గాని బంతి యొక్కటియు తప్పించుకొనదేమి?" అని కేకవేయగా జనులు ఓటమిని మరచి నవ్విరి. గవరయ్య నవ్వలేదు. అతడు గడియారమును చూచుచుండెను.

అంతట అనుకొన్నట్లే జరిగెను. ప్రత్యర్థుల వెనుకవరుసవాడొకడు కాలు జారినట్లు నటించి బంతిని నూకరాజు ముందర విడిచెను. వారి గోలుకావలివాడు సరిగా ఆ క్షణముననే మోకాలిపై కూర్చుండి బూటుత్రాడు ముడివైచుకొనుచుండెను. ఎదుట కాచువాడు లేని గోలు. పదునేడేండ్ల ఆకలి ఒక్క గొంతుకయై కొట్టుమని అరచెను. గవరయ్య తనకు తెలియకయే లేచి నిలిచెను.

నూకరాజు బంతిని పాదము క్రింద అదిమి ఆగెను. జారినట్లు నటించినవానిని చూచెను. ముడి పూర్తియైనను లేవనివానిని చూచెను. పిదప లెమ్మని వానికి చేసైగ చేసి వాడు దిగ్భ్రమతో లేచి చేతులు చాచి నిలుచువరకు వేచియుండి తన బలమంతయు పెట్టి తన్నెను. వాడు దానిని అవలీలగా రెండుచేతుల పట్టి దూరముగా విసరగా ఆ బంతియే వారి యాటగాండ్ర కాళ్లమీదుగా ఈవలి కొనకు వచ్చి తొమ్మిదవ గోలయ్యెను.

పిమ్మట తిట్లు మొదలయ్యెను. "విస్తరిలో వడ్డించిన కూడు వేడి చాలదని లేచిపోవువానిని నిన్నే చూచితిమిరా నూకా!" అని పోలమ్మ ఏడ్చుచు తిట్టెను.

ఆట ముగిసిన వెనుక జట్టువారు దుస్తులు మార్చుకొను రేకులపాకలో నూకరాజు మోకాలికి తడిగుడ్డ చుట్టుకొనుచు తలయెత్తకయే అడిగెను.

"మామా, ఆ బంతి నాకు దొరకినది కాదు, పెట్టినది. పెట్టుమని అడిగినవారెవరు?"

గవరయ్య అబద్ధమాడదలచెను. అలసటచే దానిని కూర్చలేకపోయెను.

"నేనే, అల్లుడా. కొసరడిగితిని."

"కొసరు కొన్నవానికి గదా వేయుదురు. మనమేమి కొంటిమి?"

"తొమ్మిది కొంటిమి గదా."

ఆ మాటకు మూల కూర్చున్న లోవరాజు ఫక్కున నవ్వి నవ్వినంతనే ప్రక్కటెముక పట్టుకొని మూలిగెను. నూకరాజునకును నవ్వు వచ్చినది గాని దానిని అతడు నిలువనీయలేదు. గవరయ్య పత్రము తీసి అందలి విషయమంతయు వారికి చదివి వినిపించి "ఇది నా పేరుకొరకు కాదు. ఈ లోవరాజు వ్రేళ్లకొరకు, నీ మోకాలికొరకు" అనెను.

"వ్రేళ్లు నావి పెద్దయ్యా" అనెను లోవరాజు. "నొప్పి నిజమే. మా యావిడ తిట్టుటయు నిజమే. కాని నేడు నేనాపినవి యెన్నియో చెప్పుము."

గవరయ్యకు తెలియలేదు.

"పదునాలుగు. క్రిందటిమారు వీరితోడనే ఆడినప్పుడు ఆరు. నీవు తినిన వానినే లెక్కించితివి. ఇరుగుదీవులతో ఆడుకొన్నచో అట్టి బంతి జన్మలో నా మీదికి రాదు. అట్టిదానిని ఆపగలనో లేదో నాకును ఎన్నటికిని తెలియకపోవును."

నలువదియేండ్లు లెక్కలే ఊపిరిగా బ్రతికినవానికి లెక్క తప్పినదని చెప్పినవాడు ఒక దర్జీ. గవరయ్య కూడికలో దోషము లేదు. ఒక వరుస తాను వ్రాయనే లేదు. ఆ యెరుక అతనికి ఉత్సాహము నీయలేదు. ఇంకను కొన్నియేండ్లు ఈ బరువు మోయవలయునను నిట్టూర్పును మాత్రమే ఇచ్చినది.

అంతలో హెల్మరు పాక వాకిట నిలిచెను.

"మేము మాట నిలుపుకొంటిమి. మీవాడే పుచ్చుకొనడాయెను. పత్రమేది?"

"పుచ్చుకొనని సరకు అమ్మినవానిదే అయ్యా. ఆ బేరము చెల్లదు" అని గవరయ్య పత్రమును మడిచి రెండుగా చించెను.

"వచ్చు ఏడును ఓడుదురు."

"ఓడుదుము."

"మరి యెందులకు?"

గవరయ్య చినిగిన ముక్కలను జేబులో వేసికొనెను. "ఈమారు మీ కావలివానిని నిలువబెట్టియే యుంచుడు" అని మాత్రము అనెను. హెల్మరు టోపీ తీసి నూకరాజునకు చేయి కలిపి వెడలిపోయెను.

బలవంతుని యెదుట తక్కువ తూగుట అవమానమని లోకులందురు. తూగకయే తన తక్కువను వ్రాసియిచ్చుట అంతకంటె సులువు. సులువైనదెల్ల చౌక కాదని వర్తకుడెరుగును.

శ్రావణమున వానలు పట్టినవి. రాబోవు పోటీల పట్టికయు వచ్చినది. శంఖద్వీపమునకు ఈసారి ధవళదేశముతో ఆట. అది పుష్యమాసమున ఆ దేశముననే జరుగును, నేలయంతయు మంచు గప్పు కాలమున. ఐసుపెట్టెలలో చేపలమీద దక్క మంచును చూచినవాడు ఆ దీవిలో లేడు. గవరయ్య గొడుగు పట్టుకొని అంగడి యంగడి తిరిగి ఉన్ని చేతితొడుగులున్నవా యని అడుగగా వర్తకులు అతని నుదుట చేయి పెట్టి చూచిరి. తుదకు ఆవలితీరమునకు వ్రాసి తెప్పించెను. కట్ట వచ్చిన దినమున త్రాళ్లచుట్టలమీద కూర్చున్న జట్టువారు జడివానలోని ఉక్కలో తొడుగులు తొడుగుకొని ఒకరి చేతులు ఒకరు చూచుకొని విరగబడి నవ్వుచుండిరి. గవరయ్య నాణ్యము పరీక్షించుటకై ఒక జత తానును తొడుగుకొనెను. క్షణములో చేతులు చెమటతో తడిసినవి. అయినను అతడు వానిని వెంటనే తీసివేయలేదు.