నీళ్లు కారే పడవ అమ్మబడును

అనంతపురం పాతూరులో వేణుగోపాల్‌కు పాత సామాన్ల కొట్టు ఉంది. చెక్కిన తలుపులు, మండువా స్తంభాలు, ఊరగాయ జాడీలు, తిరగని గ్రామఫోన్లు. కొనేవాళ్లు ఎక్కువగా బెంగళూరు నుంచి వస్తారు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడంలో తనను మించినవాడు జిల్లాలో లేడని అతనే ఒప్పుకుంటాడు. నా పెట్టుబడే అది అని కూడా అంటాడు. ఇదివరకు ఆ మాట నవ్వుతూ అనేవాడు. పడవ సంగతి జరిగినప్పటి నుంచి కొంచెం ఆగి, అటూ ఇటూ చూసి అంటున్నాడు.

నిరుడు నీలగిరుల వైపు ఒక పాత క్లబ్బు మూతపడి, సామాను వేలం వేస్తున్నారని తెలిసింది. పేము కుర్చీల కోసం వెళ్లాడు. కుర్చీలు వేరేవాళ్లు పాడుకున్నారు. అంత దూరం పోయి ఉత్త చేతులతో రావడం నామోషీ అనిపించి వెనక షెడ్డులోకి తొంగి చూశాడు. అక్కడ, కోళ్ల రెట్టల కింద, బోర్లా పడి ఉంది పడవ. పద్నాలుగు అడుగుల పొడవు. ఒక టేకు పలక అంచు మీదికి ఇంకో పలక ఎక్కించి, వరసగా రాగి మేకులతో బిగించారు. అంత మట్టిలోనూ దాని వంపు చూస్తే చెయ్యి పెట్టి నిమరాలనిపించింది. నిమిరాడు. చేతికి రెట్ట అంటుకుంది.

దాన్ని పాడిన మనిషి అతనొక్కడే. పోటీకి ఒక్కడూ రానప్పుడైనా మనిషికి అనుమానం పుట్టాలి. పుట్టలేదు. పైగా ఆ ఊపులో తన పాట మీద తనే ఇంకొంచెం పెంచి పాడాడు. రాసుకుంటున్న గుమాస్తా తలెత్తి, "సార్, మీకు పోటీ మీరే" అన్నాడు జాలిగా.

లారీ ఇంటి ముందు ఆగినప్పుడు అతని భార్య ప్రసూన చేతిలో చేటతోనే బయటికి వచ్చింది.

"ఏంది ఇది?"

"పడవ."

"పడవని కనపడతాండాదిలే. ఈడికెందుకు వచ్చినాదని అడుగుతాండా. మన కొళాయిలో నీళ్లొచ్చేది మూడు రోజులకొకసారి. ఆ నీళ్లలో తిప్పుతారా దీన్ని?"

"బాగు చేయించి అమ్ముతా. బెంగళూరోళ్లు ఇట్లాంటివాటికి ప్రాణం పెడతారు."

"ప్రాణమెవరికి కావల్ల, దుడ్లు పెడితే చాలు" అని ఆమె లోపలికి పోయింది.

బాగు చేసేవాడి కోసం వేణుగోపాల్ ఎక్కువ వెతకలేదు. శింగనమల చెరువుకు మైలు దూరంలో లింగప్ప అనే వడ్రంగి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. బతుకంతా ఎద్దులబండ్ల చక్రాలు చేశాడు. ఇప్పుడు బండ్లకు కూడా రబ్బరు టైర్లే కాబట్టి, పార పిడులూ కిటికీ చట్రాలూ చేసుకుంటున్నాడు. పడవను అతను పుట్టి బుద్ధెరిగి తాకలేదు. కానీ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, వంగి లోపలికి చూసి, "ఎవడు చేసినాడో గానీ, చెయ్యి తిరిగినోడు శెట్టీ" అన్నాడు.

మూడు నెలలు పట్టింది. పుచ్చిపోయిన పలకలు రెండు తీసి కొత్తవి వేశాడు. లోపల పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలు విరిగిపోతే తుమ్మ చెక్కతో చెక్కి పెట్టాడు. ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది, ఆ టేకు కింది నుంచి తేనె రంగు బయటికి తీశాడు. వేణుగోపాల్ వారానికొకసారి బస్సులో వచ్చి, పక్కన కుర్చీ వేసుకుని సలహాలు ఇచ్చేవాడు. లింగప్ప వాటిని గాలికి వదిలేసేవాడు. ఒక్క విషయంలో మాత్రం వేణుగోపాల్ మాటే నెగ్గింది.

"శెట్టీ, దీన్ని నానబెట్టల్ల" అన్నాడు లింగప్ప. "ఈడి ఎండకు చెక్క ఈడ్చుకుపోయింది. పలకల మధ్య సందులు చూడు, గోరు పడతాండాది."

"సందులకు లప్పం పెట్టు. పైన వార్నీషు కొట్టు. నానబెడితే ఆ మెరుపంతా పోదూ? అయినా ఇంత పొడుగు వస్తువును నానబెట్టేదానికి ట్యాంకర్ నీళ్లు ఎవరు తోలిస్తారన్నా?"

"నీ సొత్తు. నీ ఇష్టం" అని లింగప్ప లప్పం కలిపాడు.

పడవ తయారైన రోజు వేణుగోపాల్ ఫోన్లో ఫోటోలు తీసి ప్రకటన పెట్టాడు. వంద ఏండ్ల నాటి దొరల పడవ అని రాశాడు. వంద అని ఎందుకు రాశాడంటే తొంభై కన్నా రాయడం సులువు. దొరలు, దొరసానులు వెన్నెల్లో విహరించేవారని రాశాడు. చివర, లోపలికి చుక్క నీరు రాదని కూడా రాశాడు. ఆ చివరి మాట రాసి, బాగుందని తనే రెండుసార్లు చదువుకున్నాడు.

పది రోజులకు అనుపమ అనే ఆమె కారేసుకుని నేరుగా లింగప్ప కొట్టం దగ్గరికి వచ్చింది. చిలమత్తూరు దగ్గర హైవే మీద ఆమెకు పెద్ద హోటలుంది. టేపు తీసి పడవ పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది, మధ్యలో సుద్దముక్కతో ఒక గీత గీసింది. వేణుగోపాల్ ఆమె వెనకే తిరుగుతూ దొరల గురించి చెప్పుకుపోతున్నాడు.

"మధ్యలో చెక్క ఎంత మందం సార్?"

"ఎంత బరువైనా మోస్తుంది మేడం. నలుగురు హాయిగా కూర్చోవచ్చు."

"కూర్చోవడం కాదు సార్, నాకు నీళ్లతో..."

"నీళ్ల గురించి మీరేం దిగులు పడొద్దు. చెరువు ఈ పక్కనే ఉంది. ఇప్పుడే వేసి చూపిస్తా."

"అవసరం లేదు సార్. నాకు నచ్చింది, తీసుకుంటా."

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. ఆ సంగతి వేణుగోపాల్ ఆ తర్వాత చాలామందికి చెప్పాడు. కానీ అప్పుడు మాత్రం ఛాతీ విరుచుకుని, "కాదు మేడం, నా మాట మీద కాదు, కళ్లారా చూసి కొనండి" అన్నాడు.

ట్రాక్టరు ట్రాలీ మీద పడవ పోతుంటే ఊరు వెనకే వచ్చింది. రెండేళ్లుగా చెరువులో నీళ్లున్నాయి గానీ, చేపలు పట్టే గుండ్రటి పుట్టి తప్ప పడవ అక్కడ ఎవరూ చూడలేదు. కట్ట మీద మేకలు తోలుకుంటున్న హనుమక్క కూడా కట్టె కింద ఆనించి నిలబడింది. నలుగురు మనుషులు పట్టి పడవను నీళ్లలోకి తోశారు. వేణుగోపాల్ తెల్ల చొక్కా చేతులు మడుచుకుని ఎక్కాడు.

"రా అన్నా" అన్నాడు లింగప్పతో.

"నేను రాను" అన్నాడు లింగప్ప.

తెడ్డు వేయడం వేణుగోపాల్‌కు తెలియదు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. ఒడ్డు మీద అనుపమ, ఆమెతోపాటు ఇంకో ముప్పై మంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. రెండో చుట్టులో అతని కాలి వేళ్లకు చల్లగా తగిలింది. తెడ్డు నుంచి చిందిన నీళ్లేమో అనుకున్నాడు. నాలుగో చుట్టుకు మడమలు మునిగాయి. ఫోన్ల వైపు నవ్వుతూనే ఉన్నాడు. చుక్క నీరు రాదన్న మాట నిజమే, వస్తున్నవి చుక్కలు కావు, ధారలు. పిక్కలు మునిగాయి. పడవ ఒక పక్కకు ఒరిగి, ఎంతో మర్యాదగా, చప్పుడు లేకుండా అతని కింది నుంచి జారిపోయింది.

"కాపాడండి! నాకు ఈత రాదు! కాపాడండయ్యా!"

చేతులు కొట్టుకుంటూ, నీళ్లు మింగుతూ, ప్రసూనకు ఏమని చెప్పి పోవాలో కూడా ఆలోచిస్తున్నాడు. ఇంతలో కట్ట మీది నుంచి హనుమక్క గొంతు వినపడింది.

"ఏమప్పా, ఊరికే అరుస్తావెందుకు? లేచి నిలబడు! ఆడ నడుముల్లోతు గూడా లేదు!"

నిలబడ్డాడు. నీళ్లు బెల్టు దాకా వచ్చి ఆగాయి.

ఒడ్డుకు నడిచి వచ్చేదాకా జనం నవ్వుతూనే ఉన్నారు. అనుపమ పెదవి బిగబట్టి, తన తువ్వాలు అందించింది.

"సార్, ఇందాకటి నుంచి చెప్పాలనే చూస్తున్నా. నేను దాన్ని నీళ్లలో వెయ్యను. మధ్యకు రెండుగా కోయిస్తా. ఒక సగంలో కూరగాయ ముక్కలు, పండ్లు పెడతా, తినేవాళ్లు వడ్డించుకుంటారు. ఇంకో సగం గోడకు నిలబెట్టి అరలు కొట్టిస్తా. మునిగితే నాకేం ఇబ్బంది లేదు. సోమవారం లారీ పంపిస్తా."

అంటే తను మునిగింది ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పడానికి. వేణుగోపాల్ కట్ట మీద కూర్చుని చొక్కా పిండుకున్నాడు. నీళ్లు నిండిన పడవను పైకి లాగడం ఎవరివల్లా కాలేదు.

"ఉండనీలే" అన్నాడు లింగప్ప. అతని ముఖంలో సంతోషం దాగడం లేదు. "బండి చక్రం ఎండిపోతే ఇనుప పట్టా ఊడి వస్తాది శెట్టీ. అప్పుడేం చేస్తాం? మడుగులో ఏస్తాం. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతాది. పట్టా బిగుసుకుంటాది. ఇదీ అంతే. మూడు రోజులు తాగనీ."

సాయంత్రం ఇల్లు చేరేసరికి వీడియో అతని కన్నా ముందే చేరింది. ప్రసూన పొడి బట్టలిచ్చింది, కాఫీ ఇచ్చింది, పక్కన కూర్చుని ఫోను తెరిచింది. "కాపాడండయ్యా" దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "ఉండండి, ఇంకొకసారి చూస్తా" అంది. మూడోసారికి అతనూ నవ్వాడు. చూస్తే నిజంగానే నవ్వు వచ్చేటట్టుంది. ఆ అరుస్తున్నవాడు వేరేవాడైతే ఇంకా బాగుండేది.

నాలుగో రోజు పొద్దున వేణుగోపాల్, లింగప్ప బకెట్లతో పడవలోని నీళ్లు తోడారు. తోడినకొద్దీ పడవ లేచింది. ఆఖరి చెంబు పారబోశాక లింగప్ప అరచెయ్యి పెట్టి పలకల సందులు తడిమాడు. ఎక్కడా గోరు పట్టలేదు. పంచె ఎగగట్టి ఎక్కి కూర్చున్నాడు. వేణుగోపాల్ కూడా ఎక్కి, రెండు అంచులూ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. లింగప్ప రెండుమూడు సార్లు తడబడి, తర్వాత తెడ్లు ఒక లయలో వేశాడు. పడవ సాగింది. వేణుగోపాల్ తన కాళ్ల వైపే చూస్తున్నాడు. పొడిగానే ఉన్నాయి.

"చక్రం లేకుండానే పోతాండాది శెట్టీ" అన్నాడు లింగప్ప చిన్నగా. అతని కళ్లు మెరుస్తున్నాయి.

పడవ మధ్యలో అనుపమ గీసిన సుద్ద గీత నీళ్లకు పోయింది గానీ, అది ఎక్కడుండేదో వేణుగోపాల్‌కు తెలుసు. ఒడ్డుకు రాగానే ఆమెకు ఫోన్ చేశాడు. ఇది బతికిన వస్తువు, దీన్ని రంపానికి ఇవ్వలేను, ఎంత ఇచ్చినా అమ్మను అని చెప్పాడు. ఆమె బతిమాలుతుందని అనుకున్నాడు.

"సరే సార్, వేరేది చూసుకుంటా" అని ఆమె పెట్టేసింది.

ఆ గొప్పదనం శింగనమలలో బస్సెక్కినప్పుడు నిండుగా ఉంది. అనంతపురంలో దిగేసరికి మొత్తం కారిపోయింది. ప్రసూన ముందు నిలబడి, వచ్చిన బేరం తనే పోగొట్టుకున్నానని చెప్పినప్పుడు అతని గొంతు తనకే వినపడలేదు.

రెండు నెలలు పడవ చెరువులోనే ఉంది. ఎండబెడితే మళ్లీ సందులు పడతాయి కాబట్టి రాయికి కట్టేసి ఉంచారు. సాయంత్రాలు లింగప్ప ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. ఎండలు ముదిరాయి. నీళ్లు రోజురోజుకూ వెనక్కి పోతున్నాయి.

"ఈసారి ఉన్నదున్నట్టు రాయండి" అంది ప్రసూన. "మిమ్మల్ని జిల్లా అంతా చూసినాది. ఇంగ దాచేదేముండాది?"

రాశాడు. పడవ అమ్మబడును. వయసు తెలియదు. దొరలు ఎక్కారో లేదో తెలియదు. ఎండితే కారుతుంది, మూడు రోజులు నానితే కారదు. ఒకసారి మునిగింది, వీడియో కింద ఉంది. అందులో అరుస్తున్నవాడే అమ్మేవాడు.

నవ్వడానికి చాలామంది ఫోన్ చేశారు. కొనడానికి ఒక్కడే చేశాడు. హొస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము పక్క ఊళ్లో ఉంటాడు, పేరు అభిలాష్. పాత చెక్క పడవలు కొని నడుపుతాడు.

"చెక్క పడవ అమ్మే ప్రతివాడూ కారదనే చెప్తాడన్నా. కారుతుందని రాసింది మీరొక్కరే. మీకు పడవల సంగతి బాగా తెలిసినట్టుంది" అన్నాడు.

వేణుగోపాల్ గొంతు దాకా ఒక పెద్ద జవాబు వచ్చింది. కష్టం మీద మింగాడు. "నాకేమీ తెలియదప్పా. వచ్చి చూసుకో" అన్నాడు.

అభిలాష్ వచ్చి, పడవలోకి దిగి, తుమ్మ కర్రలను తట్టి చూశాడు. వీటిని పెట్టిందెవరని అడిగాడు. వేణుగోపాల్ లింగప్పను చూపించాడు. ఆ తర్వాత గంటసేపు వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. వేణుగోపాల్ మధ్యలో రెండుసార్లు తల ఊపాడు, ఎవరూ గమనించలేదు. తన దగ్గర ఇంకా రెండు పడవలు విరిగి పడున్నాయని, బాగు చేస్తావా అని అభిలాష్ అడిగాడు. "ఈడికి తోలుకొని రా. నా పనిముట్లన్నీ ఈడ ఉండాయి" అన్నాడు లింగప్ప. బేరం కూడా అదే ఊపులో, ఎవరూ గొంతు పెంచకుండా కుదిరిపోయింది.

లారీ మీద పడవ ఎక్కించి తడి గోనెపట్టాలు కప్పారు. దారిలో ఎండిపోకుండా ఉండాలని లింగప్ప నీళ్ల డ్రమ్ముతో సహా పడవలోనే కూర్చున్నాడు. ఎండిన కంది చేల మధ్య, లారీ పైన, పడవలో, తలకు తువ్వాలు చుట్టుకుని చెంబుతో నీళ్లు చిలకరిస్తూ పోతున్న మనిషిని చూసి ఎదురొచ్చే బస్సుల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. డ్యాము నీళ్లలో దించితే పడవ బాతులా తేలింది. లింగప్ప, అభిలాష్ కలిసి లోతుకు పోయి వచ్చారు. వేణుగోపాల్ ఒడ్డునే ఉండి వాళ్ల చెప్పులకు కాపలా కాశాడు.

తిరుగు దారిలో విడపనకల్లు దగ్గర టీ కోసం ఆగారు. లింగప్ప టీ కొట్టతనికి పడవ కథ మొదలుపెట్టాడు. పలకల నుంచి చక్రం పట్టా దాకా, మునగడం నుంచి తేలడం దాకా అంతా చెప్పాడు. వేణుగోపాల్ పక్క బల్ల మీద కూర్చుని విన్నాడు. ఆ కథ లింగప్ప నోట్లో తనకన్నా బాగా పలుకుతోందని ఒప్పుకోక తప్పలేదు.

"మరి ఈయనెవరు?" అన్నాడు టీ కొట్టతను, వేణుగోపాల్‌ను చూపిస్తూ.

"మా శెట్టి. పడవ తెచ్చింది ఈయనే" అన్నాడు లింగప్ప. "మంచోడే. కొంచెం మాటలెక్కువ."

వేణుగోపాల్ నోరు తెరిచాడు. ఇంకో రెండు టీలు చెప్పాడు.