ఒక్క బల్బు చాలన్నాడు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మిల్లీమీటర్‌గారు అనేవాళ్ళు. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. గోడకి మేకు కొట్టాలన్నా ముందు టేపు తీస్తాడు, కొట్టాక నమ్మకం లేక ఇంకోసారి తీస్తాడు. ఆ కొలతల పిచ్చి తలుచుకుంటే ఆయన భార్యకి ఒళ్ళు మండేది. ఆయనా తక్కువ తినలేదు, ఆవిడకి రేడియో అని పేరు పెట్టాడు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఆ నోటికి విరామం లేదని ఆయన ఫిర్యాదు.

అలాంటి మనిషి కారు షెడ్డుని ఆనించి ఒక వర్క్‌షాప్ గది కట్టిస్తానంటే ఆవిడ ఎగిరి గంతేసింది. ఎందుకు గంతెయ్యదు? ఇన్నేళ్ళ కాపురంలో ఆయన సామాను లేని చోటు ఆ ఇంట్లో లేదు. మంచం కింద గోనెసంచిలో సుత్తులు, చెప్పుల అరలో ఇనుము అరగదీసే ఆకురాళ్ళు, వంటింటి అటక మీద డ్రిల్లింగ్ మిషను. ఒక్క స్క్రూడ్రైవర్ కావాలంటే ఇల్లంతా గాలించి, నీరసం వచ్చి, చివరికి ఆయన్నే కేకెయ్యాలి.

"కట్టించండి మహాప్రభో! ఆ ఇనప చెత్తంతా అందులో పోసుకుని నా ఇల్లు నాకు వదిలెయ్యండి" అంది.

షెడ్డు గోడనే ఒక గోడగా ఉంచి మిగతా మూడూ ఇటుకతో లేపారు. పైన రేకులు. తాపీమేస్త్రి వెనకాల ఈయన టేపు పట్టుకుని నీడలా తిరిగాడు. గుమ్మానికి గడప వద్దన్నాడు, కాలికి అడ్డమని. బల్ల మూలలన్నీ గుండ్రంగా చెక్కించాడు, పిల్ల తిరుగుతుంది కదా తగులుతుందని. తలుపు సగం తెరుచుకుని ఉండిపోకూడదని, దానంతటదే మూసుకునేలా స్ప్రింగు పెట్టించాడు. ఆయన చాదస్తం తెలిసినవాళ్ళు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

పిల్లంటే కూతురి కూతురు. ఇంట్లో అందరూ పిడుగు అంటారు, ఆ పేరు నిలబెట్టుకోవడానికి అది రోజంతా కష్టపడుతూ ఉంటుంది. కూతురికీ అల్లుడికీ ఆఫీసులు. మధ్యాహ్నం బడి వదలగానే తాతయ్య కారులో వెళ్ళి తీసుకొస్తాడు, సాయంత్రం కూతురొచ్చి ఇంటికి తీసుకుపోతుంది.

ఎలక్ట్రీషియన్ ఒక్కడే ఆయనతో వాదనకి దిగాడు.

"ఏంటి సార్, వర్క్‌షాప్ అన్నాక నాలుగు ట్యూబులన్నా పడాలి కదా! బల్ల మీద ఒకటి, గ్రైండర్ దగ్గర ఒకటి... ఒక్క బల్బుతో మీకేం కనిపిస్తుంది?"

"ఒక్క బల్బు చాలు."

"పోనీ ప్లగ్గులన్నా..."

"ప్లగ్గులు ఎన్నైనా పెట్టు. అన్నీ నా మోచేతి ఎత్తులో ఉండాలి. పైకి పోకూడదు, కిందకి రాకూడదు."

వంటింటి కిటికీలోంచి ఇదంతా వింటున్న ఆవిడ ఊరుకుంటుందా? "కరెంటు బిల్లు అనుకుంటున్నారేమో లెండి! పిసినారితనంలో కూడా ఈయనకి కొలతలే!" అని అరిచింది. ఎలక్ట్రీషియన్ పడీ పడీ నవ్వాడు. ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

గోడలయ్యాక ఆయన తలుపేసుకుని లోపల సొంతంగా పని మొదలుపెట్టాడు. ఉలి చప్పుడు, ఆకురాయి చప్పుడు తప్ప మనిషి అలికిడి ఉండేది కాదు. అంతా అయ్యాక చూద్దువుగాని, అప్పటిదాకా రావద్దన్నాడు. ఆవిడ కూడా, పోనీలే పెళ్ళికొడుకు ముచ్చట పడుతున్నాడు అనుకుని వదిలేసింది.

ఆ మధ్యాహ్నం ఆయన పిల్ల కోసం బడికి వెళ్ళాడు. ఇక్కడ వంటింట్లో గిన్నె పిడి ఊడి వేలాడింది. పిడుగు వచ్చేసరికి ఏదైనా వేడిగా ఉండకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. స్క్రూ బిగిస్తే చాలు. ఆవిడ అలవాటుగా మంచం కిందకి వంగింది. గోనెసంచి లేదు. చెప్పుల అరలో చెప్పులే ఉన్నాయి. అంతా కొత్త గదికి చేరిపోయిందన్నమాట. రావద్దన్నాడు నిజమే, కానీ స్క్రూడ్రైవర్ కోసం వెళ్తే కొంపలేం మునుగుతాయి?

లోపలికి అడుగుపెట్టగానే వెనకాల తలుపు టప్పున మూసుకుంది. కిటికీకి ఇంకా అద్దాలు రాలేదని ప్లైవుడ్ బిగించి ఉంది. స్విచ్ తడిమి నొక్కితే బల్బు వెలగలేదు, గదికి ఇంకా కరెంటే ఇవ్వలేదు. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. "దేవుడా, ఇందులో ఏం వెతకను" అని గొణుక్కుంటూ వెనక్కి తిరగబోయి, ఆసరాకి గోడ మీద చెయ్యి వేసింది.

చేతికి నున్నటి చెక్క కడ్డీ ఒకటి తగిలింది. నడుము ఎత్తులో గోడ పొడుగునా సాగుతోంది. దాన్ని పట్టుకుని నడిస్తే నేరుగా బల్ల దగ్గరికి చేరింది. బల్లకి పైన ఒక పెద్ద పలక. దాని మీద వేళ్ళు పెట్టగానే అవి ఒక గుంటలోకి జారాయి. సుత్తి ఆకారంలో తొలిచిన గుంట, అందులో అచ్చంగా కూర్చున్న సుత్తి. దాని పక్కన పట్టకారు. ఆ పక్కన ఉలులు, చిన్నదాని నుంచి పెద్దదానిదాకా వరసగా. తర్వాత స్క్రూడ్రైవర్లు. ఒక్కోదాని కింద ఒక్కో గుర్తు చెక్కి ఉంది: కొన్నిటి కింద అడ్డగీత, కొన్నిటి కింద కూడిక గుర్తు. గిన్నె పిడి స్క్రూ తల మీదా కూడిక గుర్తే. కూడిక గుర్తున్నది లాగింది. సరిగ్గా అదే.

ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆయన్ని పిలవకుండా, తిట్టకుండా, ఆవిడకి స్క్రూడ్రైవర్ దొరికింది. అదీ చీకట్లో! ఆవిడకి భలే ముచ్చటేసింది. చిన్నపిల్లలా ఆట మొదలుపెట్టింది. బల్ల కింద సొరుగులు తడిమింది. ఒక్కో సొరుగు అంచుకి ఒక్కో రకంగా గాట్లు. ఒక గాటుంటే మేకులు, రెండుంటే స్క్రూలు, మూడుంటే నట్లు. అడుగు పక్కకి వేస్తే కాలికింద గరుకు పట్టీ తగిలింది. చెయ్యి చాస్తే గ్రైండర్. ఓహో, ఇక్కడినుంచి జాగ్రత్త అని కాలికి చెబుతున్నాడన్నమాట. "అబ్బ, ఏం బుర్రండీ మీది! కళ్ళు మూసుకుని కూడా..." అని పైకే అనేసింది.

అన్న మాట అక్కడే ఆగిపోయింది.

ఎవరు కట్టుకుంటారు ఇలాంటి గది? కళ్ళున్నవాడికి గోడంతా కడ్డీ ఎందుకు? సొరుగుకి గాట్లెందుకు? ఒక్క బల్బు చాలని ఎందుకన్నాడు?

 మనసు వద్దంటున్నా ఆవిడకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు ఆయన మోచేతికి తగిలి పడిపోతూ ఉండటం, "ముసలితనం వచ్చేసింది మీకు" అని తను వెక్కిరించడం. ఆయన నడుము పక్కన ఎప్పుడూ ఉండే కమిలిన మచ్చలు. పిల్ల కోసమని గుండ్రంగా చెక్కిన బల్ల మూలలు. పిల్ల కోసం కాదు. ఏదీ పిల్ల కోసం కాదు.

పిల్ల!

 పిల్ల ఇప్పుడు ఆయన కారులో ఉంది.

ఆవిడ బయటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. ఎండలో నిలబడింది. ఏడాదిగా కారెక్కితే చాలు, ఆయన ఆవిడని మాట్లాడించేవాడు. "ఏం రేడియో, ఆగిపోయిందేం? పక్కన పోయే లారీ మీద ఏం రాశాడో చదువు. సిగ్నల్ దగ్గర జనం ఉన్నారా? ఆ పక్కన వచ్చేవాడెవడు, మనకి తెలిసినవాడేనా?" జీవితమంతా నోరు ముయ్యమన్న మనిషి ముసలితనంలో తన మాట కోసం చెవి కోసుకుంటున్నాడని ఆవిడ లోలోపల ఎంత పొంగిపోయిందో! ఆ సంగతి సిగ్గు లేకుండా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. ప్రేమా లేదు, దోమా లేదు. తన నోటితో ఆయన దారి చూసుకున్నాడు. ఆ అవమానానికి ఏడవాలో, ఈ భయానికి ఏడవాలో ఆవిడకి అర్థం కాలేదు.

ఫోన్ తీసింది. ఆయన నంబర్ మీద వేలు పెట్టబోయి ఆగింది. రోడ్డు మీద ఉంటే? ఫోన్ మోగితే చెయ్యి జేబులోకి పోతుంది, కళ్ళు కిందకి పోతాయి. ఫోన్ చెయ్యకూడదు. ఎదురెళ్దామంటే ఏ దారిన వస్తాడో తెలియదు.  గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, స్తంభం పక్కన నిలబడి వీధి చివరికి చూస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ వరసగా మొక్కింది.

కారు వచ్చింది. నెమ్మదిగా, ఎప్పటిలాగే బుద్ధిగా మలుపు తిరిగింది. ముందు సీట్లో పిడుగు తల కనిపించింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆగలేక రెండు చేతులూ ఊపుతూ ఒక అడుగు ముందుకి వేసింది. ఆయన గేటుకేసే సూటిగా చూస్తున్నాడు. కారు ఇటే తిరిగింది. ఆగలేదు. ఆవిడ చేతులూపుతూనే ఉంది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు, ఖాళీ రోడ్డుని చూస్తున్న మనిషి ముఖం అది. తప్పుకోవాలని ఆవిడకి తోచలేదు. 

"తాతయ్యా, ఆపు! అమ్మమ్మ!"

బ్రేకు కీచుమంది. కారు ముందు భాగం ఆవిడ మోకాళ్ళని తాకీ తాకనట్టు తాకి ఆగింది.

పిడుగు కిటికీలోంచి తల బయటపెట్టింది. మొహం వెలిగిపోతోంది. "చూశావా అమ్మమ్మా! నిన్ను కూడా నేనే ముందు చూశాను. ఎవరు ముందు చూస్తే వాళ్ళకి పాయింటు. రెడ్ లైటు నేనే, కుక్క నేనే, సైకిలూ నేనే. రోజూ నేనే గెలుస్తాను. తాతయ్యకి ఒక్క పాయింటు కూడా రాదు!"

ఆవిడ పిల్లని దింపుకుంది. గట్టిగా పట్టుకుంది, పిల్ల గింజుకునేంత గట్టిగా. తర్వాత లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కోమని పంపించింది. ఆయన కారు దిగి, తలుపుకి ఆనుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ చేతిలో స్క్రూడ్రైవర్ ఇంకా అలాగే ఉంది. అది చూసి ఆయనకి అర్థమైపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కలే మూసుకుపోతున్నాయి, గొట్టంలోంచి చూసినట్టు. కంట్లో నరం ఎండిపోతోందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు."

"కారు సంగతేమన్నాడు?"

ఆయన కారు తాళం జేబులో వేసుకున్నాడు.

"నడపొద్దన్నాడా లేదా?"

"నడపొద్దన్నాడు."

"అన్నాక కూడా పిల్లని ఎక్కించుకున్నారా!" ఆవిడ గొంతు చీలిపోయింది. "దాన్ని పక్కన పెట్టుకుని, దాని కళ్ళతో... ఏమండీ, అది పిల్లండీ! ఒక్క క్షణం అటు తిరిగి ఆడుకుంటే?"

"నెమ్మదిగానే నడుపుతున్నాను..." అని, ఆ మాట తనకే చాల్లేదేమో, ఆగిపోయాడు. మళ్ళీ అన్నాడు: "కారు ఆపేస్తే ఎందుకని అడుగుతావు. చెబితే ఆ గది కట్టనిస్తావా? చూపు లేనివాడికి రంపమెందుకు, ఉలెందుకు, ఒకచోట కూర్చోండి అంటావు. కూర్చోవడం నాకు చేతకాదు. చీకటి పడేలోపు చేతులకి అన్నీ నేర్పుకుందామనుకున్నాను."

అననని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది.  కానీ తప్పకుండా అనేది. అదే మాట, అచ్చం అలాగే అనేది. ఆయన మీద జాలి పొంగుకొచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు. ఇటునుంచి నాలుగడుగులు అటు వేసి, కారు చుట్టూ తిరిగి, ఫోన్ తీసి కూతురి నంబర్ నొక్కింది.

"అమ్మాయికి చెప్పకు" అన్నాడాయన, నేలకేసే చూస్తూ. "ఒక్క వారం ఆగు. గది పూర్తి కానీ. తర్వాత నేనే మానేస్తాను. తెలిస్తే పిల్లని మన గడప తొక్కనివ్వదు."

 ఫోన్ అవతల మోగుతోంది.

ఆయన నిట్టూర్చాడు. జేబులోంచి కారు తాళం తీశాడు. తల ఎత్తకుండానే, ఇందాక ఆవిడ నిలబడిన చోటికి చెయ్యి చాచి పట్టుకున్నాడు.

"ఇదిగో. తీసుకో."

అక్కడ ఎవరూ లేరు. ఆవిడ ఆయన రెండో పక్కన, భుజానికి మూరెడు దూరంలో ఉంది.

"ఇంకా కోపమేనా? తీసుకోమంటున్నానుగా" అన్నాడాయన బతిమాలుతూ, చెయ్యి ఇంకాస్త ముందుకి చాచి.

ఆవిడ కళ్ళప్పగించి చూసింది. ఇందాకటి నుంచీ మనసులో ఏ మూలో, అంత ముదరలేదేమో, భయపడి ఎక్కువ ఊహించుకుంటున్నానేమో అని చిన్న ఆశ ఉండేది. అది పోయింది. చెయ్యి చాచి ఆయన వేళ్ళ మధ్య నుంచి తాళం తీసుకుంది. ఆయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

ఫోన్‌లో కూతురు హలో అంది.

"ముందు ఒక మాట విను" అంది ఆవిడ, ఆయన ముఖంలోకే చూస్తూ. "పిల్ల క్షేమంగానే ఉంది."