ప్రతివాది నంబరు

మరిది కేసు వేసింది నా మీద కాదు, వాళ్ళ అన్న మీద. ఆన్‌లైన్ మధ్యవర్తిత్వానికి పెట్టుకునే ఫారంలో ప్రతివాది ఫోన్ నంబరు రాయాలట. తగవు ఏ నంబరు గురించో అదే రాశాడు. ఆ నంబరు మా ఆయనది. ఆయన పోయి ఏడు నెలలయింది.

అన్నదమ్ములిద్దరూ కుట్టు మిషన్లు బాగుచేసేవారు. కస్టమర్లకు తెలిసిన నంబరు అదొక్కటే, దుకాణానికి ఇచ్చెయ్యమని మరిది అడిగాడు. నేను ఇవ్వనన్నాను. ఫోను నా బీరువాలో ఉంది. ఎవరూ ఎత్తకపోతే అందులో ఆయన గొంతు వినిపిస్తుంది: "దుకాణం మూసుంది. మీ పేరు చెప్పి పెట్టేయండి. నేను వచ్చేదాకా మిషన్‌ని కొట్టకండి."

నంబరు చేయి మారితే ఆ మాటలు చెరిపేస్తారని నా భయం.

విచారణ రోజు మరిది మేడమీద గదిలో, నేను కింద, మధ్యవర్తి తెరమీద. మరిది దగ్గు ముందు మెట్ల మీంచి, ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లోంచి వినిపించేది.

"ప్రతివాది హాజరేనా?"

"ఆయన చనిపోయారండీ," అన్నాను.

మధ్యవర్తి కాసేపు వెతికాడు. "దానికి ఇక్కడ గడి లేదమ్మా. హాజరని పెడతాను. లేకపోతే కేసు కదలదు."

"ఉన్నప్పుడు ఒక్క మీటింగుకీ టైముకి రాలేదు," అన్నాడు మరిది.

నంబరు మీద వ్యాపారం బాగా ఉందనడానికి అతను దానికొచ్చిన కాల్స్ జాబితా పెట్టాడు. బిల్లు దుకాణానికే వస్తుంది. నెలకు నూట పన్నెండు కాల్స్ అన్న మొత్తం చూసి మురిసిపోయి, లోపలి పేజీలు చదవలేదు. మధ్యవర్తి చదివాడు.

"కస్టమర్లవి ఇరవై మూడే. అమ్మగారివి యాభై ఒకటి."

నేను తల దించుకున్నాను.

"మిగతా ముప్పై ఎనిమిదీ మీవేనండీ. ఎక్కువ పొద్దున తొమ్మిదింటికి."

పైన కుర్చీ జరిగింది.

"షట్టర్ తీసే ముందు చేస్తుంటాను," అన్నాడు మరిది. "ఊరికే."



"నంబరు తీసుకో," అన్నాను. "ఆ మాటలు మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకుంటానా వదినా? అసలు ఎత్తనే ఎత్తను. మోగనిస్తా."

"మరి కస్టమర్లు?" అన్నాడు మధ్యవర్తి.

"పేరు చెప్పి పెట్టేస్తారుగా. నేను విని తిరిగి చేస్తా. తొందరేముంది."

మధ్యవర్తి టైపు చేసి చదివాడు: "మొదటి షరతు. వ్యాపార ప్రయోజనాల దృష్ట్యా ఈ ఫోనును ఎవరూ ఎత్తరాదు." తన సర్వీసులో ఇలాంటిది రాయలేదన్నాడు. ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు.

ఇద్దరం అక్కర్లేదన్నాం.