ఐదో పట్టీ

వద్దన్న చోటే వస్తోంది ఆ శబ్దం, సన్నగా, ఎవరో గొంతు సవరించుకున్నట్టు, ఆమె ఆగిన ప్రతిసారీ వస్తోంది, నేను ఆగితే అదీ ఆగాలండీ అని ఒకటికి పదిసార్లు చెప్పింది ఈ నర్తకి, అడుగులు ముందే కూర్చుకోను, అప్పటికప్పుడు ఏది తోస్తే అది ఆడతాను, సంగీతం నా వెనకే రావాలి, నా నిశ్శబ్దంలో మాత్రం ఎవరూ వేలు పెట్టొద్దు అంది, సరే అన్నాను, సరే తప్ప నేను ఇంకేం అంటాను కనుక, ఆమె చేతులకు రెండు, కాళ్లకు రెండు, కదలికని శబ్దంగా మార్చే పట్టీలు నేనే కట్టాను, చెయ్యి లేస్తే తీగ మోగుతుంది, పాదం పడితే ఉరుము, గిర్రున తిరిగితే గాలి హోరు, అన్నీ బుద్ధిగా పలుకుతున్నాయి, మరి ఇదెక్కడిది, హాలు నిండా జనం, నా ముందు కంప్యూటర్ తెర మీద నాలుగు గీతలే కదలాలి, ఐదోది కూడా ఎగురుతోంది, కంగారులో తల గోక్కున్నాను, శబ్దం, చెయ్యి దించాను, మళ్లీ శబ్దం, చొక్కా చెయ్యి పైకి లాగి చూసుకుంటే పొద్దున ఇంట్లో పరీక్షకని కట్టుకున్న పట్టీ, విప్పడం మర్చిపోయాను, చిన్న పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది.

నాకు కాక ఎవరికి కట్టను, ఏడు నెలలుగా ఇంట్లో కదిలేది నేనొక్కణ్ణే, గ్లాసు కడిగితే ఒక స్వరం, దుప్పటి మడతపెడితే ఒక స్వరం, పిలిస్తే పలకనివాడు గోడల చేత పలికించుకుంటున్నాడు, నవ్వొస్తుంది, బెల్లం కొట్టిన రాయిలా ఉంటారేంటండీ అనేది మా ఆవిడ, మీకంటే ఆ స్పీకర్లే నయం, తాకితే వాటికి ఉలుకైనా ఉంది అనేది, పరాచికం అనుకున్నాను, వెళ్లిపోయిన రోజు పెట్టె పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడింది, కారు రాలేదేమో అనుకుని నేను తల దించుకుని వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను, ఆ వైర్లు ఇప్పటికీ చిక్కుపడలేదు, అంత శ్రద్ధగా చుట్టాను.

ఒక్క మీట నొక్కితే ఐదో గీత చచ్చిపోతుంది, ఆమె నిశ్శబ్దం ఆమెకి దక్కుతుంది, నా పేరూ నిలబడుతుంది, మీట మీదికి వేలు పోనిచ్చాను, ఆ కదలికకే మళ్లీ మోగింది, ఆమె చటుక్కున ఇటు తిరిగింది, కోపం వచ్చిందనుకున్నాను, కాదు, చెవి ఒగ్గింది, భుజం ఒకటి మెల్లగా ఎత్తింది, నా చెయ్యి వణికింది, ఆ వణుకంతా హాల్లో వినబడింది, ఆమె వేళ్లు అచ్చం అలాగే వణికాయి, ఎవరితో ఆడుతోందో ఆమెకి తెలియదు, నాకు తెలుసు, నాకు ఒంటరిగా ఉంది అని ఫోన్లో అక్కకి కూడా చెప్పని మాట నా మణికట్టు ఇంతమందిలో చెప్పేస్తోంది, సిగ్గుగా ఉంది, ఇంకాసేపు ఉంటే బాగుండు అనీ ఉంది.

ఆమె ఆగింది, చీకట్లోకి ఒక చెయ్యి చాచి అలాగే నిలబడింది, నాలుగు గీతలూ చదునుగా పడుకున్నాయి, మీట మీదే ఉంది నా వేలు, నేను ఆగితే అదీ ఆగాలండీ అన్న మనిషే, కానీ ఇది ఆగడం కాదు, కాళ్లు ఆగాయి గానీ మెడ ఇటే చాచి ఉంది, ఈ మెడ నేనెరుగుదును, మా గుమ్మంలో చూశాను, అప్పుడు కారు రాలేదనుకున్నానా, వచ్చింది, ఆవిడ పెట్టె మూయకముందే వచ్చింది, ఇంజను చప్పుడు విన్నాను, చప్పుడు వినడమే బతుకైనవాణ్ణి, ఎందుకు వినను, వీధిలో అది అలా మోగుతూనే ఉంది, మీట వదిలేసి చెయ్యి పైకెత్తుతున్నాను, హాల్లో నా స్వరం లేస్తోంది, ఆవిడ ఆరోజు అంతసేపు నిలబడింది కారు కోసం కాదు, నేనొక్క మాట అంటానని.